ఫ్యాకల్టీకి రీసెర్చ్ గ్రాంట్లు రావాలంటే ఎలా చేయాలి: కాలేజీలో ఆ పని నెత్తిన పడినవాళ్ల కోసం

"సార్, నన్ను రీసెర్చ్ సెల్ కోఆర్డినేటర్‌ని చేసేసినారు, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చేలోపల రెండు ప్రాజెక్టులన్నా తేవాలంట, ఎక్కడ మొదలుపెట్టేది?"

తిరుపతి, చిత్తూరు కాలేజీల నుంచి ఈ ప్రశ్న నాకు నెలకి ఒకటైనా వస్తుంది, ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా. ఇది ప్రపోజల్ రాసే పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుడు) కోసం కాదు, ఆ పీఐకి, డబ్బులిచ్చే ఏజెన్సీకి మధ్యలో నిలబడే మనిషి కోసం, అంటే మీ కోసం. మన కాలేజీల్లో ఐడియాలకు కొదవ లేదు, నేను చూసినంతలో ప్రపోజల్ పోయేది ఎక్కువసార్లు రెండు కారణాలకే, తప్పు ఏజెన్సీకి పంపడం, లేదంటే సరైన ఏజెన్సీకే పంపినా కాలేజీ కాగితం ఒకటి తక్కువ కావడం. ఈ రెండూ పీఐ చేతిలో ఉండేవి కావు, మీ చేతిలోనే ఉంటాయి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక బాక్స్ ఫైలు, ఒక గూగుల్ డ్రైవ్ ఫోల్డర్. రెండిట్లోనూ ఇవే ఉండాలి:

- కాలేజీ నడిపే సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, పాన్ కార్డు
- యూజీసీ 2(ఎఫ్), 12(బీ) లెటర్లు. 2(ఎఫ్) ఉంది కదా చాలు అనుకోవద్దు, 12(బీ) వేరు, యూజీసీ డబ్బులకి అదే కావాలి
- ప్రైవేటు కాలేజీ అయితే ఎన్జీవో దర్పణ్ (ట్రస్టులు, సొసైటీలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్) నంబరు
- డీఎస్ఐఆర్ (కేంద్రంలో సైంటిఫిక్, ఇండస్ట్రియల్ రీసెర్చ్ శాఖ) ఇచ్చే సైరో, అంటే పరిశోధన సంస్థ అనే గుర్తింపు ఉంటే అది. లేకపోతే అప్లై చేయడం ఈ నెలలోనే మొదలుపెట్టండి, ప్రైవేటు సంస్థల్ని ఇది అడిగే ఏజెన్సీలు ఉన్నాయి
- ఇన్‌కమ్ టాక్స్ వాళ్లిచ్చే 12ఏ, 80జీ సర్టిఫికెట్లు
- ప్రభుత్వ డబ్బులు పంపే పోర్టల్ పీఎఫ్ఎంఎస్‌లో కాలేజీ రిజిస్ట్రేషన్, బ్యాంక్ మ్యాండేట్ ఫారం, క్యాన్సిల్డ్ చెక్కు
- మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు

ఇవి కాక అకౌంట్స్ సెక్షన్లో మీ మాట వినే మనిషి ఒకరు కావాలి. నవ్వకండి, పై లిస్టు మొత్తం కన్నా ఇదే కష్టం.

1. ఫ్యాకల్టీ దగ్గరికి మీరే వెళ్లండి

గూగుల్ ఫారం పంపి కూర్చోవద్దు. నేను మొదటి ఏడాది అదే చేశా, "మీ రీసెర్చ్ ఇంట్రెస్ట్ ఏమిటి" అంటే ఒకాయన "నానో" అని ఒక్క ముక్క రాసి సబ్మిట్ కొట్టేశాడు. ఆ తర్వాత నుంచి క్యాంటీన్లో టీ తాగేటప్పుడు పక్కన కూర్చుని అడగడం అలవాటు చేసుకున్నా. అడగాల్సింది ఇంతే: పీహెచ్‌డీ దేని మీద చేశారు, ఇప్పుడు ఈ ల్యాబ్‌లో ఉన్న సామాన్లతో ఏ పని చేయగలరు, వయసెంత, సర్వీసు ఇంకా ఎన్నేళ్లుంది, రెగ్యులరా కాంట్రాక్టా.

ఆఖరి మూడూ అడగడానికి మొహమాటంగా ఉంటుంది కానీ తప్పదు. యంగ్ ఫ్యాకల్టీ కోసం పెట్టిన స్కీములకి వయసు పరిమితి ఉంటుంది, చాలా ఏజెన్సీలు పీఐ రెగ్యులర్ ఉద్యోగి అయ్యుండాలంటాయి, ప్రాజెక్టు ముగిసేదాకా సర్వీసు మిగిలుందా అని కూడా చూస్తాయి. రెండేళ్లలో రిటైరయ్యే మేడం చేత మూడేళ్ల ప్రాజెక్టు రాయించి ఆమె చేత తిట్లు తిన్నవాడిని నేను, అందుకే చెబుతున్నా.

వచ్చిన సమాచారం అంతా ఒక ఎక్సెల్ షీట్లో వేయండి, మనిషికి ఒక లైను.

2. ఎవరు దేనికి ఇస్తారో చూసి కలపండి

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి. పాత సీనియర్లు ఇంకా "సెర్బ్‌కి పెట్టు" అంటుంటారు, 2008 చట్టంతో వచ్చిన ఎస్ఈఆర్‌బీ ఇప్పుడు విడిగా లేదు, 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో, అదే ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయింది. పాత ఫార్మాట్ డౌన్‌లోడ్ చేసి నింపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లని మీరే ఆపాలి.

సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకి మొదట చూడాల్సింది ఏఎన్ఆర్ఎఫ్. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకి ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ఒకటుంది, అనుభవం ఉన్నవాళ్లకి అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంటు, ఎస్సీ ఎస్టీ ఫ్యాకల్టీకి ఇంక్లూజివిటీ రీసెర్చ్ గ్రాంటు. బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ వాళ్ల టాపిక్ బయోటెక్నాలజీ వైపు ఉంటే డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ), జబ్బులు, ఆరోగ్యం వైపు ఉంటే ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి). పెళ్లి, పిల్లలు అని కెరీర్లో గ్యాప్ వచ్చిన ఆడవాళ్లకి డీఎస్టీలో, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలో, వైజ్ కిరణ్ కింద స్కీములున్నాయి, పద్మావతి మహిళా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి ఇంట్లో ఉండిపోయిన వాళ్లు మన ఊర్లో చాలామంది ఉన్నారు, వాళ్లకి ఈ సంగతి చెప్పండి.

ఎకనామిక్స్, కామర్స్, సోషియాలజీ వాళ్లు "మాకేం రావు సార్" అని ముందే చేతులెత్తేస్తారు. ఐసీఎస్ఎస్ఆర్ (సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి) ఉన్నదే వాళ్ల కోసం, మేజర్, మైనర్ ప్రాజెక్టులు రెండూ ఇస్తుంది. హిస్టరీ వాళ్లకి ఐసీహెచ్ఆర్ (చరిత్ర పరిశోధన మండలి). వ్యవసాయం, పల్లె జీవనం మీద పని అయితే నాబార్డ్‌కి ఆర్ అండ్ డీ ఫండ్ ఉంది. సంస్కృతం, ఆయుర్వేదం, పాత గణితం లాంటివాటికి విద్యాశాఖలో ఇండియన్ నాలెడ్జ్ సిస్టమ్స్ డివిజన్ ఉంది, అది 2020లో మొదలైంది, సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊర్లో ఉండి దాన్ని వదిలేస్తే ఎట్లా.

ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఇస్రో రెస్పాండ్ ప్రోగ్రామ్. ఏ సమస్యల మీద ప్రపోజల్స్ కావాలో ఇస్రోనే లిస్టు ఇస్తుంది, మీరు ఊహించుకోనక్కర్లేదు, ఆ లిస్టు ప్రింటు తీసి హెచ్‌ఓడీ టేబుల్ మీద పెట్టండి.

ఇవన్నీ ఒక మనిషికి వచ్చేవి. డిపార్ట్‌మెంటుకి సామాన్లు కావాలంటే దారి వేరే, పీజీ డిపార్ట్‌మెంట్లకి డీఎస్టీ ఫిస్ట్, డిగ్రీ కాలేజీలకి డీబీటీ స్టార్ కాలేజ్.

జాగ్రత్త: వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కాల్స్ (ప్రపోజల్స్ పంపండి అని ఏజెన్సీ ఇచ్చే ప్రకటనలు) నమ్మి పని మొదలుపెట్టొద్దు. ఏజెన్సీ సొంత వెబ్‌సైట్లో ఉందా, తేదీ ఈ ఏడాదిదేనా చూడండి. గ్రాంటు ఇప్పిస్తాను అడ్వాన్సు ఇవ్వండి అనే కన్సల్టెంటు తగిలితే నంబరు బ్లాక్ చేసేయండి, అంతే.

3. పక్కనే ఉన్న పెద్దవాళ్లని పట్టుకోండి

మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకి ఉన్న అదృష్టం రాష్ట్రంలో చాలా జిల్లాలకి లేదు. ఏర్పేడు వైపు వెళ్తే ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి, రెండూ 2015లో మొదలైనవే. గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ ఉంది, వాతావరణం మీద పని చేసే అంతరిక్ష శాఖ ల్యాబ్. ఊర్లోనే 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ, ఇంకా వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్, వ్యవసాయ పరిశోధన స్థానం. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. మీ లెక్చరర్ ఒక్కడే పీఐగా పెడితే "ఈ కాలేజీలో ఆ ఎక్విప్‌మెంట్ ఎక్కడిది" అంటారు రివ్యూ చేసేవాళ్లు, ఈ సంస్థల్లో ఒకరు కో-పీఐగా (సహ పరిశోధకుడిగా) ఉంటే ఆ ప్రశ్న సగం పోతుంది.

కానీ పేరు కోసం కో-పీఐని పెట్టుకోవద్దు. ఒక ప్రపోజల్లో కో-పీఐ ఏం చేస్తాడో ఒక్క లైను కూడా లేదు, కామెంట్లలో అదే రాసి వెనక్కి పంపారు. ఆయన ఏ శాంపిల్ టెస్ట్ చేస్తాడు, ఎన్ని చేస్తాడు, ఎప్పుడు చేస్తాడు, ఇంత వివరంగా ఉండాలి.

ఎవరూ దొరక్కపోతే ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి, దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉంది, బయటివాళ్లు ఎలా బుక్ చేసుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. అప్పుడు ప్రపోజల్లో "మెషీన్ కొనాలి" బదులు "టెస్టింగ్ చార్జీలు" అని రాసుకోవచ్చు, బడ్జెట్ కూడా దిగొస్తుంది.

4. ఒక్క పేజీ నోట్ రాయించండి

నలభై పేజీల ప్రపోజల్ వద్దు, మొదట ఒక్క పేజీ. సమస్య ఏంది, ఇప్పటిదాకా ఏం తెలుసు, మేం ఏం కొలుస్తాం, ఎంత డబ్బు, ఎన్నేళ్లు.

మా కెమిస్ట్రీ లెక్చరర్ తెచ్చిన నోట్ ఇలా మొదలైంది: "మామిడి పండ్లలో రారాజు. మామిడి ఉత్పత్తిలో భారతదేశం ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. మామిడిలో విటమిన్లు పుష్కలంగా ఉంటాయి." సగం పేజీ ఇదే. ఆరో క్లాసు పిల్లోడి వ్యాసం లాగా ఉంది, ఆ మాటే అంటే ఆయన మొహం చిన్నబోయింది. "సరే సార్, మీరు దామలచెరువు వాళ్లు కదా, సీజన్లో మీరు కళ్లారా చూసే సమస్య ఏంది చెప్పండి" అన్నా. అప్పుడు చెప్పాడు, పల్ప్ ఫ్యాక్టరీల బయట తొక్కు, టెంకలు కుప్పలు పడి ఉంటాయని, రెండు రోజులకే వాసన, ఈగలు, ఆ దారిన బండి మీద పోలేమని.

మళ్లీ రాస్తే ఇలా వచ్చింది: "చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల నుంచి సీజన్లో తోతాపురి టెంకలు పెద్ద ఎత్తున వ్యర్థంగా వస్తాయి. టెంకలోని జీడి నుంచి కొవ్వు తీయొచ్చు. కానీ తడి టెంక త్వరగా కుళ్లుతుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక ఎన్ని గంటల్లోపు, ఎంత వేడిలో ఎండబెడితే కొవ్వు నాణ్యత నిలుస్తుందో మూడు సీజన్లలో కొలుస్తాం."

నాలుగైదు లైన్లే. ఏం కొలుస్తాడో తెలుస్తోంది, ఎక్కడో తెలుస్తోంది, మూడేళ్లు ఎందుకు కావాలో అడక్కుండానే అర్థమవుతోంది, ఎందుకంటే మామిడి సీజన్ ఏడాదికి ఒకటే.

నోట్ బాగుందో లేదో చూసుకునే పద్ధతి: వేరే డిపార్ట్‌మెంట్ మనిషికి ఇవ్వండి, కెమిస్ట్రీ నోట్ అయితే తెలుగు మేడంకి. రెండు నిమిషాలు చదివాక కాగితం లాక్కుని "వీళ్లు ఏం చేస్తారంట?" అని అడగండి. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు, మళ్లీ రాయించండి.

5. ఏజెన్సీ వాళ్లతో మాట్లాడండి

దీనికి మనవాళ్లు జంకినంత ఇంకదేనికీ జంకరు. ఢిల్లీలో కూర్చున్న సైంటిస్టు మనతో మాట్లాడతాడా అని. మాట్లాడతారండీ, చాలా కాల్స్ కింద సంప్రదించాల్సిన అధికారి పేరు, మెయిల్ ఇచ్చేదే అందుకు. కాకపోతే అడిగే విధానం ఉంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు కదా, అందులో ఉండాల్సింది: నేను ఫలానా ఊరి ఫలానా కాలేజీలో రెగ్యులర్ లెక్చరర్‌ని, ఫలానా కాల్ చూశాను, మా పని మూడు వాక్యాల్లో ఇది, ఇది మీ కాల్ పరిధిలోకి వస్తుందా, అఫిలియేటెడ్ ప్రైవేటు కాలేజీ పీఐగా పెట్టొచ్చా. ఒక పేజీ నోట్ అటాచ్ చేయండి. కాలేజీ మెయిల్ నుంచే పంపండి, జీమెయిల్ వద్దు. వారం చూసి జవాబు రాకపోతే పొద్దున పదకొండు ప్రాంతంలో ఒకసారి ఫోన్. మార్చి ఆఖరి వారంలో మాత్రం చేయకండి, వాళ్ల తలనొప్పి వాళ్లకుంటుంది.

అడగకూడనివి కూడా చెప్పాలి. "మాకు శాంక్షన్ అయ్యే ఛాన్స్ ఎంతుంది సార్", "కమిటీలో ఎవరున్నారు", "మేం తిరుపతి నుంచి సార్, ప్రసాదం పంపిస్తాం". మూడోది జోక్ కాదు, నా పక్కన కూర్చుని ఒకాయన నిజంగానే ఫోన్లో అన్నాడు, అవతల నిశ్శబ్దం, తర్వాత ఫోన్ పెట్టేశారు. లడ్డూ మంచిదే గానీ ఇది సందర్భం కాదు.

"మీ టాపిక్ మా దాంట్లోకి రాదు" అని జవాబొస్తే బాధపడొద్దు, ఆరు నెలల పని ఆదా అయింది మీకు. "మరి ఏ ప్రోగ్రామ్‌కి సరిపోతుందంటారు" అని అడగండి, చాలాసార్లు చెబుతారు.

6. బడ్జెట్ మీ ముందు కూర్చోబెట్టి వేయించండి

ఎక్కువ తప్పులు మ్యాన్‌పవర్ దగ్గర, అంటే ప్రాజెక్టులో పని చేసే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) జీతాల దగ్గర. జేఆర్ఎఫ్‌కి పాత రేట్లే వేస్తుంటారు. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000. మూడేళ్ల ప్రాజెక్టుకి మొదటి రెండేళ్లు 37,000 లెక్కన 8,88,000, మూడో ఏడాది 42,000 లెక్కన 5,04,000, మొత్తం 13,92,000, ఇంటద్దె అలవెన్సు ఇంకా కలపలేదు. మొన్న ఒకరు 25,000 చొప్పున 36 నెలలకి 9,00,000 వేసుకొచ్చారు, అంటే 4,92,000 తక్కువ. అలాగే శాంక్షన్ అయిపోతే మూడో ఏడాది ఆ పిల్లోడికి జీతం ఎక్కడి నుంచి తెస్తారు?

ఎక్విప్‌మెంట్‌కి కొటేషన్ తెప్పించండి, జీఎస్టీతో కలిపి. ప్రతి వస్తువు పక్కన ఎందుకో ఒక లైను. ల్యాప్‌టాప్, ప్రింటర్, ఏసీ ఇలాంటివి దూర్చితే మొదట అవే కొట్టేస్తారు. ఓవర్‌హెడ్ (కాలేజీ నిర్వహణ ఖర్చుల కింద ఇచ్చేది) ఎంత వేయాలో కాల్‌లోనే ఉంటుంది, అదే వేయండి.

7. ఆఖరి తేదీని వారం ముందుకి జరపండి

పోర్టల్లో 30 అని ఉంటే మీ కాలేజీకి అది 23. నాకు ఇది ఒక చేదు అనుభవం తర్వాతే తెలిసింది. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి అన్నీ అప్‌లోడ్ చేసేశాం, ఎండార్స్‌మెంట్ లెటర్, అంటే ఈ ప్రాజెక్టుకి కాలేజీ ఒప్పుకుందని ఇచ్చే లెటర్, ఒక్కటే బాకీ. ప్రిన్సిపాల్ గారు కొండ మీద, కూతురి పెళ్లి శుభలేఖ స్వామి పాదాల దగ్గర పెట్టిద్దామని క్యూలో ఉన్నారు, ఫోన్ కౌంటర్లో పెట్టేసి లోపలికి వెళ్లారు. మేం బండి మీద అలిపిరి దాకా పోయి ఆగిపోయాం, పైకి పోయినా ఏం చేస్తాం, క్యూలో మనిషిని ఎట్లా వెతుకుతాం. ఐదింటికి పోర్టల్ మూతపడింది.

కాబట్టి ఎండార్స్‌మెంట్ లెటర్ మొదటి వారమే తీసుకోండి. అందులో చూసుకోవాల్సినవి:

- ఏజెన్సీ ఇచ్చిన ఫార్మాటే, కాలేజీ లెటర్‌హెడ్ మీద
- టైటిల్ పోర్టల్లో ఉన్నదే అక్షరం పొల్లు పోకుండా. మధ్యలో టైటిల్ మారిస్తే లెటర్ కూడా మార్చాలి, దీన్ని అందరూ మర్చిపోతారు
- సంతకం, తేదీ, స్టాంపు. కాలేజీ అయితే ప్రిన్సిపాల్, యూనివర్సిటీ అయితే సాధారణంగా రిజిస్ట్రార్. హెచ్‌ఓడీ సంతకం చెల్లదు

మనుషుల మీద పని అయితే ఎథిక్స్ కమిటీ, జంతువుల మీద అయితే జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి. మీ దగ్గర కమిటీ లేకపోతే పక్క సంస్థ కమిటీకి పెట్టుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఒకే ప్రపోజల్ ఒకేసారి రెండు ఏజెన్సీలకి పెట్టొద్దు, పెట్టలేదని డిక్లరేషన్ రాసిస్తారు కదా, దొరికితే పీఐతో పాటు కాలేజీ పేరు కూడా పోతుంది.

గవర్నమెంట్ కాకుండా వేరే దారి

కంపెనీల సీఎస్ఆర్ (సమాజం కోసం కంపెనీలు ఖర్చు పెట్టాల్సిన డబ్బు) అడగొచ్చా అని శ్రీసిటీ దగ్గర ఉన్నందుకేమో మన వాళ్లు ఎక్కువగా అడుగుతారు. అడగొచ్చు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. కానీ ఆ చట్టం ఏడో షెడ్యూల్లో సైన్స్ రీసెర్చ్ కోసం ప్రత్యేకంగా రాసింది ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీలు, ఐఐటీలు, నేషనల్ ల్యాబ్‌ల లాంటివాటికి. ప్రైవేటు కాలేజీ "మా రీసెర్చ్‌కి ఇవ్వండి" అంటే కంపెనీ వాడు దాన్ని ఏ హెడ్ కింద చూపించాలో తెలీక పక్కన పెడతాడు. తాగునీళ్లు, ఆరోగ్యం, పర్యావరణం, విద్య ఇలా షెడ్యూల్లో ఉన్న హెడ్ కింద పని చూపించి అడగండి. మీ సొసైటీకి 12ఏ, 80జీ, మూడేళ్ల పని చరిత్ర, సీఎస్ఆర్-1 ఫారం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి.

విదేశీ డబ్బులు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోవద్దు. ఆ డబ్బులు వచ్చి పడే ఖాతా ఢిల్లీలో ఎస్బీఐ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. ఇంకో సంస్థ పేరు మీద తెప్పించి మాకు ఇస్తారులే అనుకుంటారు కొందరు, 2020 సవరణ తర్వాత అలా బదిలీ చేయడం కుదరదు.

పని సాగుతోందా లేదా ఎలా తెలుస్తుంది

మొదటి ఏడాది శాంక్షన్లు లెక్కపెట్టకండి, మేనేజ్‌మెంట్‌కి కూడా ముందే చెప్పేయండి. ఒక పేజీ నోట్లు ఎన్ని తయారయ్యాయి, ఏజెన్సీల నుంచి జవాబులు ఎన్ని వచ్చాయి, కాగితం లోపం వల్ల ఎన్ని తిరిగొచ్చాయి, ఈ మూడే చూడండి. మూడోది సున్నా అయ్యుండాలి. రిజెక్ట్ అయినవాటి కామెంట్లు తీసుకుని పీఐతో కూర్చోండి. "నావెల్టీ లేదు" అంటే నోట్ మళ్లీ రాయాలి, "ఫెసిలిటీస్ లేవు" అంటే మూడో స్టెప్‌కి వెనక్కి పోవాలి, "పరిధిలోకి రాదు" అంటే అది మీ తప్పు, రెండో స్టెప్.

శాంక్షన్ ఆర్డర్ వచ్చిన రోజు స్వీట్లు పంచాక ఆ ఆర్డర్‌ని పీఐ, మీరు, అకౌంట్స్ మనిషి ముగ్గురూ కలిసి చదవండి. ఎక్విప్‌మెంట్ డబ్బుని జీతాలకి తిప్పడానికి లేదు, అలా చేయాలంటే ముందే ఏజెన్సీ అనుమతి కావాలి. బ్యాంకులో పడిన వడ్డీ కూడా మీది కాదు, వెనక్కి కట్టాలి. ఏటా మార్చి 31కి లెక్క కట్టి జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో యూసీ (డబ్బు ఖర్చు పెట్టినట్టు ఇచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఇస్తేనే తర్వాతి విడత వస్తుంది, యూసీ లేక మూడో విడత ఆగిపోయిన ప్రాజెక్టులు మన చుట్టుపక్కలే ఉన్నాయి, పేర్లెందుకు.

ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోయేది. పోర్టల్ లాగిన్ ఏ మెయిల్‌తో చేశారో, ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తుందో ఆ ఎక్సెల్ షీట్లో రాసి పెట్టుకోండి. పీఐ కాలేజీ మారిపోయి, ఐటీ వాళ్లు ఆ మెయిల్ తీసేసి, ఫైనల్ రిపోర్ట్ అప్‌లోడ్ చేయలేక ఎనిమిది నెలలు తిరిగిన కేసు ఒకటి ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది.